అలబామా: ఒక వీధి, ఒక రాజ్యాంగం

అమెరికా సంయుక్త రాష్ట్రాల పటంలో ఆగ్నేయ దిక్కున చూడండి. పైన టెన్నెసీ, కుడి ప్రక్క జార్జియా, ఎడమ ప్రక్క మిస్సిసిపీ, క్రింద ఫ్లోరిడా. ఈ నాలుగింటి నడుమ నిలువుగా ఒక రాష్ట్రం కనిపిస్తుంది. క్రింది మూలన మాత్రం ఒక చిన్న పాదం చాచి మెక్సికో సింధుశాఖను తాకుతుంది. అదే అలబామా. వైశాల్యంలో మన తెలంగాణ కన్నా కొంత పెద్దది, ఆంధ్రప్రదేశ్ కన్నా కొంత చిన్నది. జనం మాత్రం చాలా తక్కువ. 2020 జనాభా లెక్కల ప్రకారం 50,24,279 మంది. 1819 డిసెంబరు 14న ఇది 22వ రాష్ట్రంగా అమెరికాలో చేరింది.

ఆ రాష్ట్ర చిహ్నం మీద లాటిన్ భాషలో ఒక నినాదం ఉంది. మా హక్కులను కాపాడుకొనుటకు మేము తెగిస్తాం అని దాని అర్థం. వినడానికి ఎంతో బాగుంది. అయితే "మేము" అంటే ఎవరు? అలబామా చరిత్ర అంతా ఈ చిన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

రాజధాని పేరు మాంట్‌గోమరీ. అలబామా నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం 1846 నుండి రాజధానిగా ఉంది. పట్టణం మధ్యలో ఒక పాత నీటి ఫౌంటెన్, దాని చుట్టూ ఒక కూడలి. అక్కడ నుండి డెక్స్టర్ అవెన్యూ అనే వెడల్పాటి వీధి తిన్నగా గుట్ట ఎక్కుతుంది. పూర్వం మేకలు మేసేవి గనుక దానిని మేకల గుట్ట అనేవారు. ఆ గుట్ట మీద తెల్లని గోపురంతో శాసనసభా భవనం నిలిచి ఉంది. క్రింది నుండి పైకి కిలోమీటరు కూడా ఉండదు. కాని ఈ చిన్న వీధిలో ఒక రాష్ట్రపు చరిత్ర ఇమిడి ఉంది.

మొదట ఆ నేల ఎవరిదో చెప్పుకోవాలి. మస్కోగీ, చెరోకీ, చోక్టా, చికసా అనే ఆదివాసి జాతులు అక్కడ వ్యవసాయం చేసుకొని బ్రతికేవారు. మస్కోగీలను తెల్లవారు క్రీకులు అని పిలిచేవారు. 1814లో ఆండ్రూ జాక్సన్ సేనలు హార్స్‌షూ బెండ్ అనే చోట క్రీకులను ఓడించాయి. అదే సంవత్సరం కుదిరిన ఒడంబడికలో వారు రెండు కోట్ల ఎకరాలకు పైగా భూమి వదులుకొనవలసి వచ్చింది. 1830లో వచ్చిన చట్టం ప్రకారం మిగిలినవారిలో అత్యధికులను మిస్సిసిపీ నది అవతలకు తరిమివేశారు.

రాష్ట్రం నడుమ అడ్డంగా ఒక నల్లరేగడి పట్టీ సాగుతుంది. దానిని బ్లాక్ బెల్ట్ అంటారు. నల్లరేగడిలో పత్తి ఎలా పండుతుందో మన కర్నూలు, ఆదిలాబాదు రైతులకు ఎవరూ చెప్పనవసరం లేదు. అయితే అక్కడ పత్తి వేసి, కలుపు తీసి, ఏరినది బానిసలు. 1860లో అలబామా జనాభా 9,64,201. అందులో 4,35,080 మంది బానిసలు. ఇంచుమించు ప్రతి ఇద్దరిలో ఒకరు మరొకరి ఆస్తి అన్నమాట! నేడు ఫౌంటెన్ ఉన్న ఆ కూడలిలోనే వారిని వేలం వేసేవారు. తల్లి ఒకరి పాలు, బిడ్డ మరొకరి పాలు.

ఇక్కడ మన తెలుగు సంఘాల చరిత్రను తాకే ఒక విషయం ఉంది. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే గారిని పంపినది బోస్టన్‌లోని బాప్టిస్టు మిషను బోర్డు. 1844లో అలబామా బాప్టిస్టుల మహాసభ ఆ బోర్డుకే ఒక లేఖ వ్రాసింది. బానిసలు గలవారిని కూడ మిషనెరీలుగా పంపుతారా, లేదా, తేల్చి చెప్పండి అని అడిగింది. బానిసలను తన ఆస్తిగా ఉంచుకొంటానని పట్టుబట్టేవానిని నియమించలేమని బోర్డు జవాబిచ్చింది. మరుసటి సంవత్సరం, 1845లో, దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి తమ సొంత సమాఖ్య పెట్టుకొన్నారు. ఒకే బైబిలు చదివే ఇద్దరు సహోదరులను పత్తి చేను విడదీసింది.

1861 జనవరి 11న అలబామా అమెరికా నుండి విడిపోతున్నట్లు ప్రకటించింది. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు మాంట్‌గోమరీని తమ మొదటి రాజధానిగా ఎన్నుకొన్నాయి. ఫిబ్రవరి 18న జెఫర్సన్ డేవిస్ శాసనసభా భవనపు మెట్ల పైన నిలబడి వాటి అధ్యక్షునిగా ప్రమాణం చేశాడు. ఆయన నిలిచిన చోట ఒక ఇత్తడి నక్షత్రం పొదిగారు. ఏప్రిల్‌లో, సమ్టర్ కోటను లొంగదీయడానికి అవసరమైతే ఫిరంగులు పేల్చమని తంతి వెళ్లినది ఆ ఫౌంటెన్ ప్రక్కనున్న మేడ నుండే. నాలుగేళ్ళ యుద్ధం తరువాత 1865లో దక్షిణాది ఓడింది. బానిసత్వం రద్దయింది.

ఆ తరువాత కొద్ది కాలం ఒక వెలుగు కనిపించింది. 1867లో మాంట్‌గోమరీలో క్రొత్త రాజ్యాంగం వ్రాయడానికి కూర్చున్న సభలో నల్లజాతి సభ్యులు కూడ ఉన్నారు. నల్లజాతి పురుషులకు ఓటు వచ్చింది. బానిసగా పుట్టిన బెంజమిన్ టర్నర్ 1870లో సెల్మా ప్రాంతం నుండి అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. ఓటు చేతికి వచ్చిన అయిదేళ్ళలోపే! కాని బెదిరింపులతో, హత్యలతో, దొంగ లెక్కలతో 1874 నాటికి పాత భూస్వాముల పక్షం తిరిగి అధికారం చేజిక్కించుకొంది.

ఇక 1901వ సంవత్సరానికి వద్దాం. ఆ ఏడాది మే నెలలో, ఆ గుట్ట మీది భవనంలోనే, మరొక రాజ్యాంగ సభ కూడింది. 155 మంది సభ్యులు. అందరూ తెల్లవారే, అందరూ పురుషులే. అధ్యక్షుడు జాన్ నాక్స్ అనే న్యాయవాది. మొదటి ప్రసంగంలోనే ఆయన దాపరికం లేకుండా చెప్పాడు: ఈ రాష్ట్రంలో తెల్లవారి ఆధిక్యాన్ని చట్టబద్ధంగా నెలకొల్పడమే మన పని అని. ఇంతవరకు మోసంతో చేస్తున్న దానిని ఇకమీదట చట్టంతో చేద్దామన్నమాట.

అయితే జాతిని బట్టి ఓటు తీసివేయరాదని అమెరికా రాజ్యాంగం 1870 నుండి చెబుతోంది. అందువలన వారు జాతి పేరెత్తకుండా కంచె కట్టారు. ఓటు కావాలంటే చదవడం, వ్రాయడం రావాలి. లేదా 40 ఎకరాల భూమి గాని 300 డాలర్ల ఆస్తి గాని ఉండాలి. ఏడాదికి డాలరున్నర ఓటు పన్ను కట్టాలి. కట్టకపోతే బకాయి పేరుకుంటూ పోతుంది. 45 ఏళ్ళ వయసు వచ్చేసరికి అది 36 డాలర్లు కావచ్చు. పంట అమ్మితే అప్పుకే చాలని కౌలు రైతు ఆ డబ్బు ఎక్కడ నుండి తెస్తాడు? పరీక్ష పెట్టేది కూడ తెల్ల అధికారే. ఎవరు నెగ్గాలో, ఎవరు తప్పాలో ఆయన ఇష్టం. పూర్వపు యుద్ధాలలో పోరాడినవారికి, వారి సంతతికి మాత్రం 1902 డిసెంబరు వరకు సులువుగా పేరు వ్రాయించుకొనే దారి విడిచిపెట్టారు.

ఫలితం చూడండి. 1900లో అలబామాలో ఓటు వయసు గల నల్లజాతి పురుషులు సుమారు 1,81,000 మంది. 1903 నాటికి జాబితాలో మిగిలినవారు 3,000 కన్నా తక్కువ. ఎవరి ఇంటికీ నిప్పు పెట్టనక్కరలేకపోయింది. కలము, కాగితము చాలాయి.

జాక్సన్ జైల్స్ అనే ఒక నల్లజాతి పౌరుడు మాంట్‌గోమరీలో తపాలా కార్యాలయంలో పనిచేసేవాడు. చదువు వచ్చినవాడు. 1871 నుండి 1901 వరకు ఓటు వేసినవాడు. క్రొత్త నియమాల క్రింద అధికారులు ఆయన పేరు చేర్చుకొనలేదు. ఆయన కోర్టుకు వెళ్ళాడు. టస్కీగీ విద్యాలయ స్థాపకుడైన బుకర్ టి. వాషింగ్టన్ రహస్యంగా ఖర్చులకు సహాయం చేశాడు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1903లో కోర్టు, ఒక రాష్ట్రపు జనమంతా కలిసి ఇలా చేస్తుంటే మేము ఆదేశం ఇచ్చినా ప్రయోజనం ఉండదు, మీరు రాజకీయంగానే పరిష్కారం వెదుక్కోండి అన్నట్లుగా తీర్పు చెప్పింది. ఓటే లేనివాడు రాజకీయంగా ఏమి వెదుక్కుంటాడు?

ఆ కంచె నల్లవారిని మాత్రమే ఆపలేదు. ఓటు పన్ను కట్టలేని పేద తెల్లవారు కూడ వేల సంఖ్యలో బయటే ఉండిపోయారు. 1920లో స్త్రీలకు ఓటు వచ్చినప్పుడు పేద కుటుంబానికి పన్ను రెండింతలయింది. పొరుగువానిని వెలివేయడానికి తవ్విన గోతిలో తామూ పడ్డారు.

అలబామా ప్రభుత్వం ఎలా నడుస్తుందో ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ ముఖ్యమంత్రి ఉండడు. ప్రజలు నేరుగా ఎన్నుకొనే గవర్నరే ప్రభుత్వాధినేత. పదవీకాలం నాలుగేళ్ళు. వరుసగా రెండుసార్లకు మించి ఉండరాదు. శాసనసభలో రెండు సభలు: ప్రతినిధుల సభలో 105 మంది, సెనేట్‌లో 35 మంది. గవర్నరు ఒక బిల్లును త్రిప్పి పంపినా, రెండు సభల సభ్యులలో సగానికి పైగా మళ్ళీ ఒప్పుకొంటే అది చట్టమైపోతుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమంది. వారిని కూడ ప్రజలే ఓటు వేసి ఎన్నుకొంటారు. మన జిల్లాల వంటి కౌంటీలు 67 ఉన్నాయి. పోలీసు అధికారి అయిన షెరీఫ్ కూడ ఎన్నికైనవాడే.

ఇన్ని ఎన్నికలున్నా కౌంటీకి స్వంత అధికారం బహు తక్కువ. క్రింది ప్రాంతాలలో, ముఖ్యంగా నల్లవారు ఎక్కువగా ఉండే బ్లాక్ బెల్ట్‌లో, స్థానిక ప్రభుత్వం ఎవరి చేతికి పోతుందోనన్న భయంతో 1901 సభ అధికారమంతా గుట్ట మీది భవనంలోనే కట్టిపెట్టింది. ఒక కౌంటీలో దోమల నిర్మూలనకు పన్ను వేయాలన్నా, చచ్చిన పశువుల కళేబరాలు పారవేయించాలన్నా రాష్ట్ర రాజ్యాంగానికే సవరణ కావలసి వచ్చింది. అలా సవరణలు తొమ్మిది వందలు దాటాయి. రాజ్యాంగం దాదాపు నాలుగు లక్షల మాటలకు పెరిగింది. ప్రపంచ దేశాల రాజ్యాంగాలలో పొడవైనదిగా పేరుపొందిన మన భారత రాజ్యాంగానికి అది రెండు రెట్ల కన్నా ఎక్కువ!

భూమి పన్నులు కూడ ఆ రాజ్యాంగమే బిగించివేసింది. విశాలమైన పొలాలు, కలప అడవులు గలవారికి పన్ను స్వల్పం. ఆ లోటు తీర్చడానికి కొనుగోళ్ళ మీద పన్ను వచ్చింది. పేదవాడు కొనే రొట్టె, పాల మీద కూడ రాష్ట్రం నూటికి నాలుగు డాలర్లు వసూలు చేసేది. 2023లో దానిని మూడుకు, 2025లో రెండుకు తగ్గించారు.

మళ్ళీ వీధిలోకి వద్దాం. గుట్ట ఎక్కుతుండగా, శాసనసభా భవనానికి కూతవేటు దూరంలో ఎర్ర ఇటుకల దేవాలయం ఒకటి కనిపిస్తుంది. అది డెక్స్టర్ అవెన్యూ బాప్టిస్టు సంఘం. 1877లో, ఒకప్పుడు బానిసల వ్యాపారి మనుషులను బంధించి ఉంచిన దొడ్డిలో విడుదలైనవారు ఈ సంఘాన్ని ప్రారంభించారు. 1954లో మార్టిన్ లూథర్ కింగ్ గారు దాని కాపరిగా వచ్చారు. అప్పటికాయన వయసు 25.

1955 డిసెంబరు 1 సాయంకాలం రోజా పార్క్స్ అనే కుట్టుపని చేసే స్త్రీ ఆ ఫౌంటెన్ కూడలిలో బస్సు ఎక్కారు. తెల్లవానికి సీటు విడిచి లేవనన్నందుకు ఆమెను అరెస్టు చేశారు. అప్పుడు నల్లజాతివారు 381 రోజులు బస్సు ఎక్కలేదు. వంటమనుషులు, చాకలి స్త్రీలు, వృద్ధులు మైళ్ళకొద్దీ నడిచారు. కొన్ని సంఘాలు తమ పేరు మీద వాహనాలు కొని పనివారిని చేరవేశాయి. వాటిని జనం చక్రాల మీది దేవాలయాలు అని పిలిచేవారు. 1956 చివరకు సుప్రీంకోర్టు బస్సులలో వేర్పాటు చెల్లదని తీర్పు చెప్పింది. కింగ్ గారు 1959లో మన దేశానికి వచ్చి సుమారు నెల రోజులు తిరిగారు. అప్పటికి చదువురాని భారతీయ కూలీలు కూడ 1951-52 ఎన్నికలలో, 1957లో ఓటు వేసి ఉన్నారు. అలబామాలో మాత్రం నల్లజాతి బడిపంతులు కూడ చదువు పరీక్ష తప్పినట్లు ఇంటికి పంపబడుతున్నాడు.

1963 జనవరిలో జార్జి వాలస్ అనే గవర్నరు, డేవిస్ ప్రమాణం చేసిన చోటనే నిలబడి, జాతుల వేర్పాటు ఎన్నటికీ పోదని ప్రకటించాడు. ఆ సెప్టెంబరు 15, ఆదివారం ఉదయం, బర్మింగ్‌హామ్‌లో 16వ వీధి బాప్టిస్టు దేవాలయంలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి 14 ఏళ్ళు, ఒక పాపకు 11. నేరస్థులలో చివరివానికి శిక్ష పడింది 2002లో.

మాంట్‌గోమరీకి పడమర సెల్మా పట్టణం. ఆ రెంటి నడుమ లౌండ్స్ కౌంటీ. అక్కడ జనంలో అయిదుగురిలో నలుగురు నల్లజాతివారు. 1965 మొదట్లో వారిలో ఒక్కరికి కూడ ఓటు లేదు. ఆ ఫిబ్రవరిలో ప్రక్కనున్న మేరియన్‌లో జిమ్మీ లీ జాక్సన్ అనే 26 ఏళ్ళ యువకుని పోలీసు కాల్చాడు. ఆయన తన సంఘంలో డీకను. మార్చి 7న సెల్మాలోని బ్రౌన్ చాపెల్ నుండి బయలుదేరిన జనాన్ని ఎడ్మండ్ పెటస్ వంతెన దగ్గర పోలీసులు లాఠీలతో, గుర్రాలతో చితకగొట్టారు. ఆ దృశ్యం టెలివిజన్‌లో దేశమంతా చూసింది. మార్చి 21న వారు మళ్ళీ బయలుదేరి, 54 మైళ్ళు నడిచి, 25న డెక్స్టర్ అవెన్యూ ఎక్కారు. సుమారు 25,000 మంది. ఆ రోజు గవర్నరు వారి విన్నపం అందుకొనలేదు. కాని ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం అమలులోకి వచ్చింది. లౌండ్స్‌లో పేరు నమోదు చేయించుకొన్న కౌలు రైతులను భూస్వాములు ఇళ్ళలో నుండి వెళ్ళగొట్టారు. వారు గుడారాలు వేసుకొని చలిలో కాపురముండి ఓటు నిలుపుకొన్నారు.

వాలస్ సంగతి కూడ చెప్పాలి. 1972లో ఒకడు కాల్చగా ఆయన నడుము క్రింది భాగం చచ్చుబడింది. మిగిలిన బ్రతుకు చక్రాల కుర్చీలోనే. 1979లో ఒకనాడు ఆయన చెప్పాపెట్టకుండా ఆ డెక్స్టర్ అవెన్యూ దేవాలయానికే వచ్చి, నల్లజాతి విశ్వాసుల ముందు తాను పెట్టిన బాధకు క్షమాపణ అడిగాడు. 1982లో అనేకమంది నల్లవారి ఓట్లతోనే మరల గవర్నరయ్యాడు. మనుష్యుడు మారాడు. మరి కాగితం మీది మాటలు?

అవి ఉండిపోయాయి. తెల్లవారికి, నల్లవారికి పెండ్లి కూడదన్న వాక్యాన్ని తీసివేయడానికి 2000లో ఓటు పెట్టారు. 1967 నుండే చెల్లని ఆ వాక్యం పోవడానికి వీల్లేదని అప్పటికీ నూటికి 40 మంది ఓటు వేశారు! వేరు వేరు బడులు, ఓటు పన్ను గురించిన మాటలు తీసివేసే సవరణ 2004లో రెండు వేలకు లోపు ఓట్ల తేడాతో ఓడిపోయింది. 2012లో మళ్ళీ ఓడిపోయింది. చివరకు 2022 నవంబరు 8న, ఆ మాటలను తొలగించి క్రమపరచిన రాజ్యాంగాన్ని ప్రజలు ఒప్పుకొన్నారు. వ్రాయడానికి ఒక వేసవి చాలింది. చెరపడానికి 121 సంవత్సరాలు పట్టింది. మాటలు పోయినా, కౌంటీల చేతులు కట్టిన ఏర్పాటు మాత్రం చాలావరకు అలాగే ఉంది.

2018లో మాంట్‌గోమరీలో ఒక స్మారకం వెలిసింది. మూకలు పట్టి చంపిన 4,400 మందికి పైగా నల్లజాతివారి జ్ఞాపకార్థం ఎనిమిది వందలకు పైగా ఉక్కు దిమ్మెలు అక్కడ ఉన్నాయి. ఒక్కొక్క కౌంటీకి ఒక దిమ్మె. దాని మీద పేర్లు, తేదీలు. పేరు తెలియని చోట తెలియదనే చెక్కారు. వచ్చినవారు తమ కౌంటీ దిమ్మె వెదికి, దాని ముందు నిలబడతారు.

చట్టం అనేది ఎక్కడో పెద్దలు వ్రాసుకొనే కాగితమని మనం తరచుగా అనుకొంటాం. గ్రామసభలో చదివి వినిపించేటప్పుడు లేచి ఇంటికి పోతాం. ఓటరు జాబితా వచ్చినప్పుడు మన పేరు చూసుకొని, ప్రక్కింటివారి పేరు ఉన్నదీ లేనిదీ చూడం. 1901లో గుట్ట మీద కూర్చున్న 155 మంది మనుమలు కూడ ఆ కాగితపు బరువు మోశారు. ఆ గుట్ట మీద డేవిస్ నక్షత్రం ఉంది. క్రింద ఇటుకల దేవాలయం ఉంది. ఆ దేవాలయంలో పాడితే పైన మెట్ల మీద వినబడుతుంది. అయినా పైవారు వినడానికి ఎంత కాలం పట్టిందో చూశారు గదా.